పప్పుచారు పోసిన బొమ్మల పళ్లెం

మా పాప ఉండే డేకేర్‌కి ఓ మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లాను. ఆయమ్మ పొగలు కక్కుతున్న పప్పుచారును బొమ్మల మెలమైన్ పళ్లాల్లో అన్నం మీద పోస్తోంది. అడిగితే, "బీపీఏ లేనివే మేడమ్, ఏం కాదు" అంది.

అపోహ: ‘బీపీఏ ఫ్రీ’ అని ఉంటే వేడివి పోసినా ఫరవాలేదు.

వాస్తవం: ఆ మాటకు అర్థం ఆ ఒక్క రసాయనం లేదని మాత్రమే. మెలమైన్‌కు వేడీ పడదు, పులుపూ పడదు. రెండూ కలిస్తే పళ్లెంలోని మెలమైన్ కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంది. 70 డిగ్రీలు దాటిన పదార్థాలకు అది పనికిరాదని జర్మనీ నిపుణులు ఎప్పుడో చెప్పారు. మన పప్పుచారులో చింతపండూ ఉంటుంది, పొయ్యి మీది వేడీ ఉంటుంది. పిల్లల తిండిని ప్లాస్టిక్‌లో పెట్టి మైక్రోవేవ్ చేయొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. స్టీలు మంచిది. సత్తు గిన్నెల్లో మాత్రం సాంబారు, పచ్చడి నిల్వ ఉంచొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో హెచ్చరించింది.

అపోహ: పసుపు ఎంత మెరిస్తే అంత మేలిరకం.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీని గురించే. నిగనిగ కోసం కొమ్ములకు లెడ్ క్రోమేట్ పూసే మోసం ఉంది. అందులో ఉండేది సీసం. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు పరీక్షిస్తే 47 శాతం నమూనాల్లో అది దొరికింది. అక్కడి ప్రభుత్వం వ్యాపారులకు జరిమానాలు వేసింది, జనానికి విషయం చెప్పింది. 2021కల్లా అది సున్నాకి వచ్చింది. అంటే పట్టుబడితే ఆపగలిగిన విషమే ఇది! సీసం ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగల మోతాదే లేదు. తిండిలోని సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. కొమ్ములు కొని మర పట్టిస్తే చాలదు, రంగు పూసేది కొమ్ముకే. డేకేర్ వాళ్లు లూజు పసుపు మాని, లైసెన్సు నంబరున్న ప్యాకెట్ వాడుతున్నారో లేదో అడగండి.

అపోహ: మందులు కొడతారు కాబట్టి ఆకుకూరలు తగ్గించాలి.

వాస్తవం: వద్దు. ఒంట్లో ఇనుము, కాల్షియం తగ్గితే సీసం ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. అవి ఉండే తోటకూర, రాగిజావ మానిపిస్తే నష్టం పిల్లలకే. కుళాయి ధార కింద రెండు మూడుసార్లు బాగా కడిగితే పైపైన ఉన్న మందు చాలావరకు పోతుంది. లోపలికి ఇంకింది పోదు, నిజమే. అయినా ఆ కూర పెట్టడమే మేలు.

అపోహ: ఖాళీ డబ్బా కడిగి దేనికైనా వాడుకోవచ్చు.

వాస్తవం: 2013 జులై 16న బిహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తేలింది. మందు డబ్బాలో ఆ నూనె పోసి ఉంటారని అనుమానించారు. అది చదివినప్పటి నుంచి ఏ డేకేర్‌కి వెళ్లినా ముందు సామాన్ల అర చూస్తాను. మా పాప డేకేర్‌లో ఆ రోజు నూనె డబ్బా పక్కనే ఫినాయిల్ సీసా ఉంది. ఆయమ్మా నేనూ కలిసి దాన్ని బయటి బాత్‌రూమ్‌లో పైఅర మీదికి చేర్చాం.