అగ్గిపెట్టె పక్క గరుకెందుకు?

సాత్తూరు, కోవిల్‌పట్టి, శివకాశి చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ప్రాంతానికి అగ్గిపెట్టె అంటే జీవనాధారం. 1920ల్లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తాలో పని నేర్చుకొని వచ్చి శివకాశిలో ఈ పరిశ్రమ పెట్టారు. బడికి వెళ్లాల్సిన పిల్లలు పుల్లలు సర్దుతూ కూర్చున్న కాలం ఒకటుంది. శివకాశి బాలకార్మికుల గురించి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1996లోనే.

ఆ వైపు ఒక తెలుగు బడికి వెళ్లినప్పుడు ‘ఘర్షణ’ పాఠం జరుగుతోంది. ‘ఘర్షణ వలన ఉష్ణం జనించును’ అని పిల్లలు గడగడా అప్పజెప్పారు. అగ్గిపెట్టె పక్క గరుకుగా ఎందుకుంటుందని అడిగాం. ఎవరూ నోరు విప్పలేదు. ‘ఘర్షణంటే రాపిడే కదా’ అన్నాం. వెనక బెంచీ పాప వెంటనే, ‘బావి తాడు జారితే చెయ్యి కాలుతుందే, అదా?’ అంది. అదే!

నున్నగా కనిపించే వస్తువుల మీదా కంటికి కనబడని మిట్టపల్లాలుంటాయి. రెండు వస్తువులు ఆనుకున్నప్పుడు నిజంగా తగిలేది మిట్టల కొనలే. మొత్తం ఒత్తిడి వాటి మీదే పడుతుంది. జరిపితే కొనలు వంగుతాయి, విరుగుతాయి. మనం పెట్టిన శక్తి అక్కడ వేడిగా మారుతుంది. గబుక్కున గీస్తే ఆ వేడి పక్కకు పాకే వ్యవధి ఉండదు, కొన భగ్గున వేడెక్కుతుంది. మెల్లగా రాస్తే పుల్ల వెలగనిది ఇందుకే.

పెట్టె పక్కనున్న పూతలో ఎర్ర భాస్వరం, గాజు పొడి ఉంటాయి. గాజు పొడి గరుకు కోసం. రాపిడి వేడికి భాస్వరం రవ్వంత అంటుకుంటుంది. పుల్ల తలలోని పొటాషియం క్లోరేట్ ఆక్సిజన్ అందించగానే మంట లేస్తుంది. మందు సగం పెట్టెకు, సగం పుల్లకు పంచి పెట్టారన్నమాట. మామూలు గోడకు గీస్తే వెలగకపోవడానికి కారణం అదే.

బండి ఇరుసుకు రాసే కందెన పని దీనికి తలకిందులు. మిట్టల మధ్య చేరి వాటిని తగలనివ్వదు. ‘కందెన’ పాఠ్యపుస్తకంలోనూ ఉంది, తాతయ్య నోటా ఉంది. పాఠం అక్కడ మొదలుపెడితే పిల్లలకు సగం దారి ముందే తెలిసి ఉంటుంది.

తరగతిలో చూపాలంటే పక్క అరిగిపోయిన పాత పెట్టె ఒకటి, కొత్తది ఒకటి చాలు. గీసేది మాత్రం టీచరే. పాతదాని మీద ఎన్నిసార్లు గీయాల్సి వచ్చిందో పిల్లలు లెక్క రాసుకోవాలి.