గర్భంలో గుండెకు వైద్యం ఉంది, కూలి తల్లికి స్కాన్ ఏది?

2023 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు తల్లి కడుపులోని బిడ్డ గుండెలో మూసుకుపోయిన కవాటాన్ని బెలూన్‌తో తెరిచారు. ఆ గుండె ద్రాక్షపండంత. పట్టిన సమయం 90 సెకన్లు. ఆ తల్లికి అంతకుముందు మూడు గర్భాలు నిలవలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లే మాల, మాదిగ తల్లికి ఈ వైద్యం ఎంత దూరంలో ఉందన్నదే మా ప్రశ్న.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గుండె ఎడమ గది నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో బృహద్ధమని కవాటం ఉంటుంది. అది బాగా ఇరుకైతే ఎడమ గదిపై ఒత్తిడి పెరిగి, క్రమంగా దాని ఎదుగుదల ఆగిపోవచ్చు. అప్పుడు బిడ్డ సగం గుండెతో పుట్టినట్టే. అందుకే కొందరికి పుట్టకముందే వైద్యం చేస్తారు. స్కాన్‌లో చూస్తూ తల్లి పొట్ట మీదుగా సన్నని సూదిని బిడ్డ గుండెలోకి పంపి, బెలూన్‌ను ఉబ్బించి, కవాటం తెరిచి వెనక్కి తీస్తారు. లండన్ డాక్టర్లు దీన్ని తొలిసారి 1991లో ప్రకటించారు. ఇందులో బిడ్డ ప్రాణానికే ప్రమాదం ఉంది. పుట్టాక మళ్లీ ఆపరేషన్లు అవసరం కావచ్చు. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే వైద్యం కాదు.

కానీ జబ్బు ముందే తెలియడం అందరికీ పనికొస్తుంది. కడుపులో ఉండగా బిడ్డకు ఒక అదనపు రక్తనాళం ఆసరాగా ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. కవాట లోపమున్న బిడ్డ హఠాత్తుగా కుప్పకూలేది అప్పుడే. ముందే తెలిస్తే, గుండె వైద్యం ఉన్న ఆస్పత్రిలో కాన్పు చేసి, ఆ నాళం మూసుకోకుండా మందిచ్చి కాపాడవచ్చు.

తెలిసేది అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌తో. 18 నుంచి 20 వారాల మధ్య చేయించాలి. సంక్రాంతి దాటి మిరప కోతలు ఊపందుకున్నప్పుడు ఆ వారాలు వస్తే? స్కాన్‌కు పట్నం వెళ్తే ఆమె కూలి పోతుంది, తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది, బస్సు ఖర్చులు పైన. కర్నూలు వైపు నుంచి సుగ్గికి వచ్చి చేల దగ్గర గుడారాల్లో ఉండే తల్లి పేరు ఇక్కడి ఆశా కార్యకర్త రిజిస్టరులో ఉండదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఉండాలనీ, ఆ భారంలో ప్రభుత్వానికీ వాటా ఉండాలనీ వాదించారు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చినా రోజుకూలి చేసే వ్యవసాయ కార్మికురాలికి దక్కింది లేదు.

గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లోనే గుండె మార్పిడి జరిగింది. కాబట్టి మన ప్రాంతానికి అంత పెద్ద వైద్యం చేతకాదని ఎవరూ అనలేరు. మనం అడగాల్సినవి మూడు: ప్రతి గర్భిణికీ సమయానికి ఉచిత టిఫా స్కాన్, ఆ రోజు కూలి పరిహారం, వలస తల్లికి ఉన్నచోటే నమోదు. పల్లెల్లో పనిచేసే విద్యార్థి మిత్రులు ప్రతి నెలా 9న పీహెచ్‌సీల్లో జరిగే ఉచిత గర్భిణీ పరీక్షల దగ్గరకు వెళ్లి, అయిదో నెల తల్లుల్లో ఎందరికి స్కాన్ రాసిచ్చారో, ఎందరికి నిజంగా అందిందో లెక్క తీయండి. ఆ లెక్క చేతిలో ఉంటేనే కలెక్టర్ ముందు మన మాట నిలుస్తుంది.