మద్యము మాన్పించుటకు ముందు

మా మహేశ్వరమున నొక యిల్లాలు భర్తచే దేవుని యెదుట నొట్టు పెట్టించి, గదిలో నుంచి గొళ్లెము వేసెను. మూడవనాటి రేయి అతడు గడగడ వణకుచు, లేనివారితో మాటలాడదొడగెను. వెంటనే వైద్యశాలకు గొంపోవుటచే బ్రతికెను. ఆమె యుద్దేశము మంచిదే గాని, ఆయత్తము లేక మాన్పించుట ప్రమాదమాయెను.

2020 మార్చిలో మద్యపు దుకాణములు మూతపడగా హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టివా రనేకులు వచ్చిరి. చిరకాలము మిక్కిలిగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మొదటి రెండు దినములలో మూర్ఛయు, పిదప సంధియు గలుగవచ్చును. కావున ముందు వైద్యుని దర్శింపుడు. త్రాగెడి పరిమాణమును, కల్తీకల్లులోని మత్తుమందుల యనుమానమును దాచకుడు. బి1 విటమినును, తక్కిన మందులను ఆయనయే నిర్ణయించును. మీరు నీరు, మెత్తని యన్నము, సందడి లేని గది, నింద లేని మాట సమకూర్పుడు. సలహాకు 14446 సంఖ్యకు ఫోను చేయవచ్చును, రుసుము లేదు. ఒట్టు ఆ పిమ్మట పెట్టింపవచ్చును.