పాముకి పెట్టె, పెట్టెకి పూత

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళలో ఏదో ఒక రోజు పెంపుడు జంతువు ప్రస్తావన రాక తప్పదు. మావాడు కుక్కనో పిల్లినో అడగలేదు, బాల్ పైథాన్‌ని అడిగాడు. పశ్చిమాఫ్రికాకి చెందిన చిన్న కొండచిలువ ఇది. విషం ఉండదు, సాధారణంగా అయిదడుగులు దాటదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పాముని పెంచడమేమిటని మా ఆవిడ అభ్యంతరం. ఆ వాదనలో ఎవరు నెగ్గారో ఊహించగలరు గనక, నేరుగా పెట్టె సంగతికి వస్తాను. మీరూ ఈ పని తలపెడితే ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. హవాయిలోనైతే పాముల్ని పెంచడమే నిషేధం.

గాజు తొట్టి కొనుక్కోవచ్చు కదా అనొచ్చు. ఈ పాముకి ఒక మూల 90 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, గాలిలో సుమారు 60 శాతం తేమ కావాలి. గాజులోంచి వేడి త్వరగా పోతుంది, పైన జాలీ ఉంటే తేమ కూడా పోతుంది. చెక్క ఈ రెండిటినీ నిలుపుతుంది. కానీ ఆ తేమే చెక్కకి శత్రువు.

ముందు కొలతలు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనుకుందాం. అడుగుకి, పైకప్పుకి, వెనక గోడకి ఎనిమిదేసి చదరపు అడుగులు, రెండు పక్కలకి నాలుగేసి. మొత్తం 32. షాపులో అమ్మే 4x8 ప్లైవుడ్ షీటు సరిగ్గా అంతే! రంపం తినే పొడి మేరకు పెట్టె కాస్త చిన్నదవుతుంది. ముందువైపు జరిపే గాజు తలుపులు.

ఏ చెక్క? ఎండీఎఫ్ వద్దు, నీరు తగిలితే టీలో ముంచిన రస్కులా ఉబ్బుతుంది. మెలమిన్ పూసిన పార్టికల్ బోర్డు పైకి నున్నగా బాగుంటుంది గానీ, కోసిన అంచుల్లోంచీ స్క్రూ రంధ్రాల్లోంచీ నీరు తాగుతుంది. సెడార్ వాసన మనకి బాగుంటుంది, అందులోని నూనెలు పాములకి హాని చేస్తాయి. పాత డెక్ విప్పిన చెక్క అసలే వద్దు: 2003 చివరి దాకా ఇక్కడ ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. ఇక మిగిలింది ప్లైవుడ్. సీడీఎక్స్‌లోని ఎక్స్ అంటే ఎక్స్‌టీరియర్ అని చాలామంది అనుకుంటారు. కాదు, అది కట్టేటప్పుడు కొన్నాళ్ళు తడిస్తే తట్టుకునే రకం మాత్రమే. ముద్రలో ఎక్స్‌టీరియర్ అని ఉన్నది తీసుకోండి. మన దేశంలో మెరైన్ ప్లైకి ఐఎస్ 710 ముద్ర చూసినట్టే.

ఇప్పుడు పూత. నీటి ఆధారిత పాలీయురేథేన్ మూడు నాలుగు సార్లు వేశాను, ప్రతి రెండు పూతల మధ్యా 220 నంబరు ఉప్పుకాగితంతో లేతగా రుద్ది. ప్లైవుడ్ నీరు తాగేది ముఖ్యంగా అంచుల్లోంచి, అందుకని వాటికి ఇంకో రెండు పూతలు. తరవాత మూలల్లో వంద శాతం సిలికాన్, బూజు నివారణ మందు కలపనిది. ఈ వరస మార్చకండి, సిలికాన్ మీద ఏ పూతా అంటుకోదు. పడవలు కట్టేవాళ్ళు పలకల కంటే సందుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేది కూడా ఇందుకే.

అన్నిటికంటే ముఖ్యమైనది, పిల్లలకి అస్సలు నచ్చనిది, ఆగడం. చేతికి అంటకపోతే పూత ఆరినట్టే, కానీ లోపల గట్టిపడే ప్రక్రియ ఇంకా నడుస్తూనే ఉంటుంది. దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఎన్నాళ్ళో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ లోపు హీటర్ వేస్తే వచ్చే ఆవిరి, మూసిన పెట్టెలో పాము ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మనలా కిటికీ తెరుచుకునే వీలు దానికి లేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి టెస్టింగ్ లేనిదే రిలీజ్ ఉండదు కదా! గడువు అయ్యాక పాము లేకుండానే హీటర్, థర్మోస్టాట్ పెట్టి, తలుపులు మూసి ఒక రోజు నడపండి. మర్నాడు తెరిచి వాసన చూడండి. ఏ మాత్రం ఘాటున్నా ఇంకో వారం ఆగండి. తరవాత అడుగున గ్లాసుడు నీళ్ళు పోసి రాత్రంతా వదిలి, కింద తడి చూడండి. పక్క గోడల్లో గాలి రంధ్రాలు మరవద్దు: నీరు బయటికి పోకూడదు గానీ గాలి ఆడాలి. ఎప్పుడూ చెమ్మగా ఉండే అడుగున పడుకుంటే పాము పొలుసులు కుళ్ళుతాయి.

ఈ పరీక్షలన్నీ నెగ్గాకే పాముని తెచ్చుకోండి.