చుక్కల వెలుగుతో దేహపు కొలత

భద్రాచలమునకు ఎగువను, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతముల కోయగూడెములలో అంగన్‌వాడీ కార్యకర్తలు పసిబిడ్డల పొడవును, బరువును కొలిచి వ్రాసికొందురు. వినుటకు చిన్నపనియే. కాని రెండేండ్లు నిండని బిడ్డను పలకపై వెల్లకిల పరుండబెట్టి ఒకరు తల పట్టవలెను. వేరొకరు మోకాళ్ళు చాపి పాదములకు అడ్డుపలక ఆనించవలెను. బిడ్డ ఏడ్చును, తన్నును, కాళ్ళు ముడుచును. పొడవు ఒక్క సెంటీమీటరు తగ్గి పడినచో, పొడవునకు తగిన బరువు లేని బిడ్డ కూడ తగినంత ఉన్నట్లే కనబడవచ్చును. ఆకలి పట్టికలో దాగిపోవును.

ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో తీవ్రమైన పోషణలోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. దానికి చిన్న పట్టీ చాలును. అడవిదారిలో అంతకు మించిన చౌక సాధనము లేదని మా తలంపు. అయినను పట్టీ ఒక్క వలయమునే చెప్పును, ఆకృతిని చెప్పదు.

ఆకృతిని కొలుచు యంత్రములు మునుపు పెద్ద ప్రయోగశాలలకే అందెడివి. 2010లో మైక్రోసాఫ్టు వారు ఆటలకై విడుదల చేసిన 'కినెక్ట్' ఆ స్థితిని మార్చినది. జల్లెడ వెనుక దీపముంచి, ఎదుట కుండ నుంచి, కొంచెము ప్రక్కనుండి చూడుడు. గోడపై వరుసగా నిలిచిన వెలుగుచుక్కలు కుండ కడుపుపై చోటు తప్పి కనబడును. కినెక్ట్ కంటికి కానరాని పరారుణ కాంతితో ఇట్టి చుక్కలను చల్లి, అవి జరిగిన మేరనుబట్టి దూరమును లెక్కించును. వేలాది బిందువులు కూడి దేహరూపమగును. ఆ పరికరపు తయారీ 2017లో నిలిచినది. ఉపాయము మాత్రము కొన్ని ఫోనులలోనికి ప్రవేశించినది. జర్మనీకి చెందిన వెల్ట్‌హుంగర్‌హిల్ఫె సంస్థ ఫోనుతో పిల్లల ఎదుగుదలను కొలుచు ప్రయత్నమును మన దేశముననే సాగించినది.

చిక్కు వేరొకచోట నున్నది. ముడుచుకొన్న బిడ్డ పొడవును యంత్రము తాను మునుపు చూచిన దేహములనుబట్టి ఊహించును. ఎవరి దేహములను చూచినది? దుస్తుల కొలతలకై నిఫ్ట్ సంస్థ తలపెట్టిన 'ఇండియా సైజ్' సర్వేకు 15 నుండి 65 ఏండ్లవారిని 25,000 మందిని ఆరు నగరములలో కొలుచుట లక్ష్యము. అందు హైదరాబాదు కలదు, భద్రాచలము లేదు. అంగడిచొక్కాకు అది చాలునేమో, కోయ, కొండరెడ్డి బిడ్డల ఎదుగుదలకు చాలదు.

కావున ఈ గూడెములలో కొంతకాలము ఒకే బిడ్డను ఒకే పూట పలకతోను, ఫోనుతోను కొలిచి, రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను. బిడ్డ రూపము ఫోనులో నిలిచిపోవును గనుక, అది ఎచ్చట దాచబడునో తల్లికి కోయభాషలోనే చెప్పి, ఆమె సమ్మతించిన పిమ్మటనే ఫోను నెత్తవలెను.