మధుమేహమును ఎండుపండ్లును

మధుమేహము గలవారి యింట పండుగ వచ్చినపుడు ఒక చిక్కు కలుగుచుండును. అరిసెలను, కజ్జికాయలను పిల్లలకు పంచి, ఇంటి పెద్దకు మాత్రము "ఇవి పండ్లే గదా, దోషము లేదు" అని గుప్పెడు కిస్‌మిస్‌లను, నాలుగు ఖర్జూరపుపండ్లను పళ్ళెరమున నుంచుదురు. ఆదరముతో చేయు నీ కార్యము మేలగునో కీడగునో విచారింతము.

ఎండుపండ్లు మిక్కిలి ప్రాచీనమైన యాహారము. మూడు దినములు అన్నపానములు లేక పొలములో పడియున్న యొక ఐగుప్తీయునికి దావీదు జనులు రొట్టెను, నీటిని, అంజూరపు అడ ముక్కను, రెండు ఎండు ద్రాక్షగెలలను ఇయ్యగా నతడు తెప్పరిల్లెనని సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయమున చదువుచున్నాము. ఆకలిగొన్నవానికి బలమిచ్చిన యీ గుణమే మధుమేహరోగికి జాగ్రత్త నేర్పవలసిన గుణము.

పండు నెండబెట్టినపుడు నీరు పోవును గాని చక్కెర పోదు. 100 గ్రాముల తాజా ద్రాక్షపండ్లలో సుమారు 80 గ్రాముల నీరును, 16 గ్రాముల చక్కెరయు నుండును. అంతే తూకము గల ఎండు ద్రాక్షలో నీరు సుమారు 15 గ్రాములే. చక్కెరయో సుమారు 60 గ్రాములు. కాబట్టి 40 గ్రాముల గుప్పెడు కిస్‌మిస్‌లను తినువాడు సుమారు 6 చిన్న చెంచాల పంచదారకు సమానమైన చక్కెరను తినుచున్నాడు. కడుపు నిండినట్లు తోచదు గనుక చేయి మరల పళ్ళెరమునకే పోవును. మధుమేహమున ఇన్సులిను చాలక గాని, సరిగా పనిచేయక గాని ఆ చక్కెర రక్తములో నిలుచును. ఏండ్ల తరబడి యిట్లు జరిగిన యెడల కన్నులకును, మూత్రపిండములకును, నరములకును హాని కలుగును.

అట్లయిన వీనిని బొత్తిగా మానవలెనా? అక్కరలేదు. వీనిలో పీచుపదార్థమును, ఖనిజ లవణములును గలవు. ఏ యాహారము రక్తములోని చక్కెర నెంత త్వరగా పెంచునో తెలుపు సూచికను 1981లో టొరాంటోలో డేవిడ్ జెన్కిన్సు మొదలగువారు ప్రకటించిరి. దానినిబట్టి చూడగా ఎండుపండ్లలో పెక్కు గ్లూకోజుకంటె నెమ్మదిగానే పనిచేయును. కాబట్టి ముఖ్యమైన ప్రశ్న "తినవచ్చునా?" అనునది కాదు, "ఎంత?" అనునదియే.

ఈ క్రింది నియమములు జ్ఞాపకముంచుకొనదగినవి. ఒక్కమారు తినదగినది 20 గ్రాములు, అనగా రెండు పెద్ద చెంచాల కిస్‌మిస్‌లు, లేక ఒక్క ఖర్జూరపుపండు. దానిని సంచిలోనుండి గాక చిన్న గిన్నెలో కొలిచిపెట్టుకొని తినవలెను. బాదముపప్పుతో గాని, వేరుసెనగపప్పుతో గాని కలిపి తినుట మంచిది. భోజనముపైన అదనముగా గాక, వేరొక చిరుతిండికి బదులుగా తినవలెను. చక్కెరపాకములో ఊరవేసిన పండ్లును, బెల్లము గాని చక్కెర గాని చేర్చిన మామిడితాండ్రయు మిఠాయిలతో సమానములు. తినుటకు ముందును, తిన్న రెండు గంటలకును రక్తపరీక్ష చేసికొన్నయెడల తన శరీరమునకేది సరిపడునో యెవరికి వారికే తెలియును. మూత్రపిండముల వ్యాధి గలవారికి వీనిలోని పొటాషియము హానికరము కావచ్చును. వారు వైద్యుని యడుగక తినరాదు. తిన్న పిదప నోరు పుక్కిలించుట దంతములకు మేలు.

విద్యార్థులలోను ఈ వ్యాధి గలవారుందురు. 1922 జనవరిలో టొరాంటోలో మొట్టమొదట ఇన్సులిను పొందిన లియొనార్డు థాంసను 14 ఏండ్ల బాలుడే. ఇన్సులిను తీసికొను స్నేహితునికి హఠాత్తుగా చెమటయు, వణకును, తడబాటును కలిగినయెడల అది చక్కెర తగ్గిన చిహ్నము కావచ్చును. అప్పుడు నమలవలసిన ఎండుపండ్లకంటె గ్లూకోజు గాని, మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార కలిపిన నీరు గాని శ్రేష్ఠము. వెంటనే పెద్దలకు తెలియజేయవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. అతనిని శీఘ్రముగా ఆసుపత్రికి చేర్పవలెను.

బాలబాలికలారా, ఈ సెలవులలో మీ యింట 20 గ్రాముల కిస్‌మిస్‌లను తూచి, అవి యెన్ని యగునో లెక్కపెట్టి తాతయ్యకు, అమ్మమ్మకు చూపుడు. పాఠశాలలో నేర్చిన తూనికలు కొలతలు వారి కన్నులను, కాళ్ళను కాపాడుటకు పనికివచ్చునని మీరే గ్రహింతురు.