చేతిలో కంప్యూటర్... చంకలో రిజిస్టర్!

పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ మాటే వినపడని రోజుల్లో నల్గొండ జిల్లాలో అరచేతిలో ఇమిడే కంప్యూటర్లు తిరిగాయి. అవి ఉన్నది ఏ ఇంజినీర్ల దగ్గరో కాదు... ఏఎన్ఎంల దగ్గర! 2000 దశకం తొలినాళ్లలో ప్రపంచబ్యాంకుకు చెందిన ఇన్ఫోడెవ్ సాయంతో, సీఎంసీ సంస్థ సహకారంతో సుమారు 200 మందికి వీటిని ఇచ్చారు.

ఒక్కో ఉపకేంద్రం కింద దాదాపు 5 వేల జనాభా. ఎవరు గర్భిణి, ఏ బిడ్డకు ఏ టీకా పడాలి, ఎవరింట్లో జ్వరం... అన్నీ రాయాలి. పగలంతా ఇంటింటికీ తిరిగి ఒక పుస్తకంలో రాసుకున్నదే మళ్లీ వేర్వేరు రిజిస్టర్లలోకి ఎక్కించాలి. నెలాఖరుకు అంకెలన్నీ కూడి పీహెచ్‌సీకి పంపాలి. ఒక్కసారి నమోదు చేస్తే ఈ లెక్కలన్నీ యంత్రమే తేలుస్తుందన్నది ఆశ.

ఆ ప్రయోగం రాష్ట్రమంతా పాకలేదు. సిబ్బందికి కంప్యూటర్ చేతకాక ఇలాంటివి ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదది. కంప్యూటర్ వస్తుంది కానీ, పై అధికారి రిజిస్టర్ అడగడం మానడు. రెండూ నింపాల్సి వచ్చినప్పుడు ఎవరికైనా ఏది బరువనిపిస్తుంది? కొత్తదే కదా!

పక్కనే ఉన్న పాలమూరులో కథ వేరు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అదే ఏడాది డిసెంబరులో నల్గొండకూ వచ్చింది. ఇక్కడ కాగితంతో పని జరగదు. రోగి వివరాలు, ఫొటో, పరీక్షల రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ట్రస్టు డాక్టర్లు చూసి సరేననాలి. డిశ్చార్జి వివరాలు కూడా ఎక్కితేనే ఆసుపత్రికి క్లెయిమ్ డబ్బు. ఎంట్రీ లేకుంటే పైసా రాదు! అందుకే ఎంత పెద్ద డాక్టరైనా ‘ఆ కేసు ఎక్కించారా?’ అని అడగక తప్పలేదు. పైగా రోగి పేరు నమోదు చేసే పని వార్డు నర్సు నెత్తిన వేయలేదు. దానికి ఆరోగ్యమిత్ర ఉన్నారు. పథకం మంచిచెడ్డల మీద ఎన్ని వాదనలున్నా, ఈ ఏర్పాటు మాత్రం తెలివైనదే.

2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్‌తో ఈ లెక్క తల్లుల దాకా వెళ్లింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే మగబిడ్డకు రూ.12 వేలు, ఆడబిడ్డకు రూ.13 వేలు విడతలవారీగా ఇస్తామన్నారు. గర్భిణి పేరు, పరీక్షలు, కాన్పు, టీకాలు... ఒక్కోటీ ఆన్‌లైన్‌లో పడితేనే ఆ విడత డబ్బు కదిలేది. ఇక రికార్డు తనిఖీకి అధికారి రానక్కర్లేకపోయింది. ‘అక్కా, నా పేరు ఎక్కించినవా?’ అని తల్లులే అడిగారు.

ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీ సిస్టర్‌కు మాత్రం పని తగ్గలేదు. బిడ్డ బరువు కేసు షీట్లో రాయాలి, కాన్పుల రిజిస్టర్లో రాయాలి, మళ్లీ ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ఈలోపు పక్క బల్ల మీద ఇంకొకరికి నొప్పులు మొదలవుతాయి.